నేల పిండి

మా పిండి మిల్లులో ఒక పద్ధతి ఉంది. రాతి మీద నుంచి గుడ్డ గొట్టంలోకి జారి, డబ్బాలో పడేంతవరకూ పిండి తెచ్చినవాళ్ళది. అందులో చిటికెడు కూడా నాది కాదు. డబ్బా తప్పి నేల మీద పడిందా, అది మిల్లుది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు చెప్పిన మాట ఇది. ఆవిడ ఇంకేం చెప్పినా ఎదురు చెప్పానేమో గానీ, ఈ ఒక్క మాట ఇరవై ఎనిమిదేళ్ళుగా జవదాటలేదు. అంత నిక్కచ్చిగా ఉన్నందుకే ఇంత పని జరిగింది.

ముందే చెప్తున్నాను, నాకు కోపం ఎక్కువ, గొంతు పెద్దది. మోటారు పక్కన ఇన్నేళ్ళు నిలబడి మాట్లాడితే మీ గొంతూ ఇలాగే తయారవుతుంది. నేను చెవిలో చెప్పిన రహస్యం కూడా వీధి చివరిదాకా వినిపిస్తుందని రొట్టెల కొట్టావిడ ఎగతాళి చేస్తుంది. అబద్ధమేమీ కాదు.

కింద మిల్లు, మిల్లు వెనక గదుల్లో నేనూ మా ఆయనా. పైన మా మరిది, తోడికోడలు. మధ్యలో పద్దెనిమిది మెట్లు. ఆ మెట్లెక్కి రెండేళ్ళు దాటింది. మా తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు.

ఎందుకంటారా? అత్తగారు మంచాన పడ్డాక, పిండి దుమ్ముకి దగ్గు ఆగడం లేదని ఆవిడని పైకి మార్చాం. ఏడు నెలలు ఉంది. మంచంలో మనిషికి చెయ్యాల్సినవన్నీ మా తోడికోడలే చేసింది, కాదనను. నేను కింద మిల్లు ఆడించాను. ఒక పూట మిల్లు ఆగితే రెండు పొయ్యిలూ ఆగుతాయి, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. అత్తగారికి పట్టే జావకి పిండి నేనే పట్టి, రెండుసార్లు జల్లించి, డబ్బాలో పోసి మెట్ల మీద పెట్టేదాన్ని. డబ్బా ఖాళీ అయి మెట్ల మీదకే వచ్చేది. అంతే మా మధ్య.

ఆవిడ పోయాక, గదినిండా చుట్టాలున్నప్పుడు మా చినమామగారు గొంతు సవరించుకుని, "చిన్నకోడలు కన్నకూతురిలా చూసుకుంది. పెద్దదానికి ఆ మిల్లు తప్ప ఇంకేం పట్టింది?" అన్నాడు. అందరూ తలలూపారు. మా తోడికోడలు అక్కడే కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది. అలా కాదు మామయ్యా అని ఒక్క మాట అనొచ్చు కదా? అనలేదు. ఆ రోజు ఆవిడ విషయంలో నోరు మూసుకున్నాను, మళ్ళీ తెరవలేదు.

ఇక తేనెటీగల సంగతి. పైన అత్తగారి కిటికీకి బయట చిన్న సజ్జ ఉంది. ఆవిడ మంచంలో ఉండగా ఒక రోజు ఎక్కణ్ణుంచో తేనెటీగల గుంపు వచ్చి దాని కింద వేలాడింది. పొగబెట్టి తరిమేద్దామని మగవాళ్ళంటే ఆవిడ వద్దంది. పడుకుని వాటినే చూసేది. తను కదల్లేని మనిషికి కదిలేవి చూడ్డమే కాలక్షేపం అయిపోయింది. అందుకని మా తోడికోడలు తెలిసినవాళ్ళని కనుక్కుని, చెక్కపెట్టె తెప్పించి, ఈగల్ని అందులోకి ఎక్కించి ఆ సజ్జ మీదే పెట్టింది. అత్తగారు పోయాక ఆవిడ వస్తువులు తలా ఒకటి పట్టుకుపోయారు. కుట్టేవాటిని ఎవరడుగుతారు? ఆ పెట్టె ఒక్కటే తోడికోడలికి మిగిలింది.

ఈ ఏడు మా రోడ్డు వెడల్పు చేశారు. అటూ ఇటూ ఉన్న పూల చెట్లన్నీ నాలుగు రోజుల్లో నేలకి దించేశారు. పైగా వానలు మొహం చాటేశాయి, ఖాళీ స్థలాల్లో పిచ్చిమొక్కలు సైతం మాడిపోయాయి. అప్పుడు మొదలైంది నా ఖర్మ.

ఒక పొద్దున గోధుమలు పడుతుంటే గుడ్డ గొట్టం చుట్టూ ఏదో తెల్లగా తిరిగింది. ఈగ అనుకుని చేత్తో తోలాను. మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నానికి ఇరవై. రెండు రోజులకి ఇంక లెక్కేముంది! నేల మీద పిండిలో పొర్లేవి కొన్ని, జల్లెడ అంచున పాకేవి కొన్ని, కాటా పళ్ళెంలో తీరిగ్గా కూర్చున్నవి కొన్ని. ఎవరివో వేరే చెప్పాలా? రొట్టెల కొట్టావిడ డబ్బా అక్కడే వదిలేసి, "అమ్మో! మా ఆయన్ని పంపిస్తాను, ఆయన్ని కుట్టినా ఫర్వాలేదు" అంటూ బయటికి పరిగెత్తింది.

నాకు తిక్క రేగింది. మోటారు ఆపి, మెట్ల కింద నిలబడి, పైనున్న గోడకి చెప్పాను. తోడికోడలికి కాదు, గోడకే.

"ఇంకొక్కటి నా మిల్లులో కనబడిందా, మందు పెట్టి మొత్తం ఊడ్చి పారేస్తా! తర్వాత నన్ననుకుని లాభం లేదు!"

వరసలో నలుగురున్నారు. నలుగురూ విన్నారు. పైన తలుపు మెల్లగా మూసుకుంది.

మా రెండు వాటాల మధ్య కబుర్లు మోసేది మా ఆయన. పైకి వెళ్ళి టీ తాగొస్తాడు, టీతో పాటు ఒక వార్త తెస్తాడు. ఆ సాయంత్రం వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"బయట ఎక్కడా పూలు లేవట," అన్నాడు. "అందుకని పుప్పొడికి బదులు ఏ దుమ్ము దొరికితే ఆ దుమ్మే మోసుకుపోతున్నాయట. రంపపు పొట్టు అయినా వదలవట."

"తేనె తాగి పడుండొచ్చుగా?"

"తేనె ఎగరడానికి ఓపికట. పెట్టెలో పిల్లలు పెరగాలంటే మాత్రం పుప్పొడే కావాలట. మనకి పప్పు ఎలాగో వాటికి అదలాగ. అది లేకపోతే పిల్లలు ఎండిపోతాయట."

"ఎవరి పిల్లలు?"

"రాణీ ఈగ పిల్లలు."

"మరి ఈ మోసేవాటికో?"

"వీటికి పిల్లల్లేవు. చెల్లెళ్ళని పెంచుతాయట."

"నీకెందుకయ్యా ఇవన్నీ, టీ తాగి రాక," అన్నాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే, మోటారు వెయ్యకముందే ఒకటి వచ్చింది. చీపురు ఎత్తాను. ఎత్తినదాన్ని అలాగే పట్టుకుని ఆగిపోయాను. అది నేల మీద పిండిలో దొర్లి ఒళ్ళంతా తెల్లబడి, గాల్లోకి లేచి, నా ముక్కుకి జానెడు దూరంలో నిలబడింది. నిలబడి ఒళ్ళు దువ్వుకుంటోంది. ముందు కాళ్ళతో తల దువ్వి మధ్య కాళ్ళకి, మధ్య కాళ్ళు వెనక కాళ్ళకి, అలా అందించుకుంటూ పోతోంది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. నోట్లోంచి కాస్త తేనె తీసి పిండిని తడుపుకుంటోంది. తడి తగలందే పొడి పిండి నిలవదు, పిండి కలిపే ప్రతి చేతికీ తెలిసిన విషయమే. వెనక కాళ్ళ మీద నొక్కి నొక్కి రెండు తెల్లటి ఉండలు చేసింది. ఆవగింజంత కూడా లేవు. కానీ కుడికాలిదీ ఎడమకాలిదీ ఒక్కలా ఉన్నాయి, నా కాటాకి కూడా అంత కచ్చితం చేతకాదు. మళ్ళీ దిగి పొర్లింది, మళ్ళీ లేచి దువ్వుకుంది. అంతసేపూ చూశాను, ఒక్క రేణువు తను తినలేదు. కాళ్ళు బరువెక్కగానే కిటికీలోంచి పైకి వెళ్ళిపోయింది.

పొద్దున్నుంచి సాయంత్రందాకా పిండిలో మునిగి, మెట్ల మీద డబ్బా పెట్టి వెనక్కి తిరిగే మనిషి ఒకర్తి నాకు తెలుసు. చీపురు దించాను.

వాటికి కాస్త పిండి పెడదామనుకున్నాను. కోపం పోయిందని కాదు, వెనక కిటికీ దగ్గర పెడితే మిల్లులోకి రావని. అలాగని నాకు నేనే చెప్పుకున్నాను లెండి. రాతి పిండి ముట్టుకోకూడదు, అది పరాయి సొత్తు. నేల పిండి నాదే. నేల మధ్యలో ఉన్నది అందరూ చెప్పుల కాళ్ళతో తొక్కింది, పసివాళ్ళకి అది పెట్టబుద్ధి కాలేదు. గోడ వార పేరుకున్నది అయితే ఎవరి కాలూ పడనిది, మెత్తగా, తెల్లగా ఉంటుంది. ఏరి ఏరి గోడ వార పిండే ఊడ్చి, జల్లించి, పళ్ళెంలో పోసి వెనక కిటికీ గట్టు మీద పెట్టాను. ఆ రోజు మంగళవారం.

గంటలో పళ్ళెం మీద మూగాయి. మిల్లులోకి రావడం మానేశాయి. రోజూ పొద్దున్నే పళ్ళెం నింపడం, కాసేపు నిలబడి చూడ్డం నాకొక పని అయిపోయింది. మా ఆయనకి చెప్పలేదు, చెప్తే టీతో పాటు పైకి మోసేస్తాడు. రెండేళ్ళ పంతం ఒక పళ్ళెం పిండికి కరిగిపోయిందని ఆవిడ అనుకోవడం నాకిష్టం లేదు.

"ఏమిటోయ్, ఈగలు మాయం! మందు పెట్టేశావా ఏమిటి?" అంది రొట్టెల కొట్టావిడ.

"ఆ, పెట్టా!" అన్నాను విసురుగా. వరసలో వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను.

గురువారం సాయంత్రం మా ఆయన టీ తాగకుండానే దిగొచ్చాడు. పెట్టె ముందు ఈగలు చచ్చి పడుతున్నాయట. శుక్రవారానికి ఇంకా ఎక్కువ. శనివారం తను చూసొచ్చింది చెప్పాడు. మా తోడికోడలు కిటికీ దగ్గర కూర్చుని కుంచెతో చచ్చినవాటిని కాగితం మీదకి ఎత్తుతోందట.

"ఎందుకు పోతున్నాయో తెలిస్తే ఏదో ఒకటి చెయ్యొచ్చు, తెలియట్లేదు బావగారూ అని ఒకటే ఏడుపు," అన్నాడు. నా మొహం చూడకుండా, "నువ్వేమీ... చెయ్యలేదు కదా?" అన్నాడు.

"నేనా? నాకేం పట్టింది!" అని ఇంతెత్తున లేచాను. పాపం, నోరు మూసుకుని పడుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మంచికి పోయి పిండి పెడుతుంటే, కట్టుకున్నవాడే అనుమానించాడు.

ఆదివారం మిల్లుకి సెలవు. రాయి విప్పి కడిగి ఆరబెట్టే రోజు. చివర్న బొద్దింకలకీ చీమలకీ చల్లే తెల్లపొడి డబ్బా తీసి, రాయికి దూరంగా, గోడ వార ఒక గీతలా పోస్తాను. పదేళ్ళుగా చేసే పనే, చెయ్యి దానంతటదే చేసుకుపోతుంది. ఆ రోజు గోడ దగ్గర గొంతుక్కూర్చుని డబ్బా వంచబోయి ఆగాను. మామూలుగా పోయిన వారం గీత పిండి కింద మసగ్గా కనబడుతుంది. దాన్ని చెత్తబుట్టలోకి ఊడ్చి కొత్తది పోస్తాను. ఈసారి గీత లేదు. గోడ వారంతా శుభ్రంగా ఉంది.

నా చీపురు. నా చేట. నా పళ్ళెం.

గోడకి ఆనుకుని అలాగే కూలబడ్డాను. చేతుల్లోంచి డబ్బా జారి మూత ఊడింది. పిండికీ పొడికీ ఏమిటి తేడా, రెండూ తెలుపే, రెండూ మెత్తనే. ఆరు రోజులు నా చేత్తో జల్లించి మరీ పెట్టాను. అవి నమ్మకంగా కాళ్ళకి కట్టుకుని పిల్లల దగ్గరికి మోసుకెళ్ళాయి.

నిజం చెప్తున్నాను, మొదట వచ్చిన ఆలోచన చెప్పకూడదనే. ఎవరికి తెలుసు? ఎవరూ చూడలేదు. పొరపాటున జరిగిందంటే నమ్మేవాళ్ళు ఎవరు? మెట్ల కింద నిలబడి మందు పెడతానని అరిచింది నేనే. పెట్టానని అందరి ముందూ చెప్పి నవ్వింది నేనే. పెద్దది చచ్చినా అంతే, అత్తగారి గుర్తుని కూడా మిగల్చలేదు అంటారు. చినమామగారైతే పండగ చేసుకుంటాడు. ఊరుకుంటే నాలుగు రోజుల్లో పెట్టె ఖాళీ అవుతుంది, ఎండలకి పోయాయనుకుంటారు.

కానీ మా ఆయన తెచ్చిన మాట ఒకటి బుర్రలో తిరుగుతోంది. తెలిస్తే ఏదో ఒకటి చెయ్యొచ్చు అందట. ఇప్పుడు తెలిసింది. తెలిసింది నా ఒక్కదానికే. నేనిక్కడ కూర్చున్న ప్రతి నిమిషం పైన ఏదో ఒక ఈగ ఆ పిండే తీసి పిల్లకి పెడుతోంది.

లేచాను. పద్దెనిమిది మెట్లూ ఎక్కాను.

తలుపు తీసి మా తోడికోడలు నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నేనే," అన్నాను. "పిండి పెట్టాను వెనక కిటికీలో, మంగళవారం నుంచి. గోడ వార పిండి. అందులో బొద్దింకల పొడి కలిసింది. ఇప్పుడే చూసుకున్నాను. తెలిసి చెయ్యలేదు. నమ్మితే నమ్ము, లేకపోతే తిట్టు. ముందు వాటికేం చెయ్యాలో చెయ్యి."

తను తిట్టలేదు. కళ్ళు మూసుకుని "మంగళవారం నుంచా!" అంది, ఎవరో గుండె మీద గుద్దినట్టు. తర్వాత గబగబా లోపలికెళ్ళి మొహానికి వల కట్టుకుని, కత్తి, బేసిను తెచ్చింది. "నువ్వు కిందికెళ్ళు, కుడతాయి," అంది.

"కుట్టనీ," అన్నాను. జల్లెడగుడ్డ తలకి చుట్టుకుని బేసిను పట్టుకున్నాను.

పెట్టె మూత తీసి తేనెపట్టు అల్లుకున్న ఒక్కో చట్రం పైకి లాగింది. నేను ఎప్పుడూ లోపల చూడలేదు. చట్రం నడుమ పిల్లల గదులు, వాటి చుట్టూ దండలా పుప్పొడి గదులు. పాత పుప్పొడి అయితే ఒక గది పసుపు, ఒక గది నారింజ, ఒక గది ఇటుక రంగు. ఒక్కో ప్రయాణంలో ఒకే రకం పూల మీద వాలతాయట, అందుకే రంగులు కలవవు. అవి కొన్నే మిగిలాయి. మిగతావన్నీ తెలుపు. నేను పెట్టిన తెలుపు. గదుల్లో పిల్లలు కొన్ని ముడుచుకుపోయి ఉన్నాయి.

"తెల్లగా ఉండబట్టి బతికాం," అంది. "ఏది తియ్యాలో కనబడుతోంది. పట్టుకో."

కత్తితో తెల్ల గదులు కోసి కోసి బేసిన్లో వేసింది. మణికట్టు మీద ఒకటి కుట్టింది, మోచేతి దగ్గర ఇంకొకటి. బేసిను కదపలేదు. ఆ మాత్రం నాకు పడాల్సిందే.

"మందు పెడతానని అరిచాను కదా," అన్నాను. "ఊరంతా అదే అనుకుంటుంది. నువ్వూ అనుకో."

"కోపం వస్తే నువ్వు చప్పుడు లేకుండా చేసిన పని ఒక్కటైనా ఉందా అక్కా?" అంది తల ఎత్తకుండా. "నువ్వు నిజంగా మందు పెడితే డప్పు కొట్టి మరీ పెడతావు. చాటుగా చేశావంటే మంచి పనే అయ్యుంటుంది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండేళ్ళ తర్వాత నా చెవిన పడిన మొదటి 'అక్కా' అది.

కోత అయ్యాక చట్రాలు తిరిగి పెడుతూ, నేనడక్కుండానే చెప్పింది, చేతులకి పనుంటే నోటికి ధైర్యం వస్తుంది కాబోలు. "మోసుకొచ్చినది పిల్లల మొహం చూడదక్కా. గదిలోకి వెనక కాళ్ళు పెట్టి ఉండలు విదిలించేసి వెళ్ళిపోతుంది. లోపలుండేది ఇంకొకటి వచ్చి తలతో నొక్కి, తేనె కలిపి మూస్తుంది. అది పిండిలా పులుస్తుంది. దాన్ని పిల్లల్ని పెంచే ఈగలు తింటాయి. తింటే వాటి తలలోనే పాలు ఊరతాయి. ఆ పాలు పిల్లలకి. పిల్లలకి కనబడేది ఆ పెట్టేదే."

"అయితే తెచ్చినదానికి పేరు లేదన్నమాట," అన్నాను. అనకూడదనుకుంటూనే అనేశాను. రెండేళ్ళుగా గొంతులో ఉన్నది ఎంతకని ఆగుతుంది? "ఏడు నెలలు నేను కూడా మెట్ల మీద డబ్బా పెట్టాను. చినమామయ్య ఆ మాటన్నప్పుడు నువ్వు గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నావు."

తను పెట్టె మూత పెట్టి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"చెప్పాల్సింది," అంది. "ఈ ఇంటికొచ్చాక నన్ను నలుగురిలో మెచ్చుకోవడం అదే మొదటిసారి అక్కా. కాసేపు విందామనిపించింది. తర్వాత చెబుదామనుకునేసరికి నువ్వు లేచి వెళ్ళిపోయావు. ఆ తర్వాత నీ మొహం చూడ్డానికి భయమేసింది. తప్పు నాదే."

ఏం సంజాయిషీ చెప్పినా ఎగిరిపడేదాన్ని. ఇలా ఒప్పేసుకుంటే నేనేం చెయ్యను?

"అత్తయ్యకి మాత్రం తెలుసు," అంది. "మిల్లు ఆడుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని పడుకునేది. మిల్లు ఆగిందంటే చాలు, కళ్ళు తెరిచేది. 'పెద్దది తినడానికి లేచిందా?' అనేది. రోజూ. నేను లేచిందని చెప్పేదాకా తను జావకి నోరు తెరిచేది కాదు. ఆఖరి వారంలో ఎవరి పేరూ గుర్తులేదు ఆవిడకి. ఆ ప్రశ్న మాత్రం మానలేదు."

మిల్లు మోగుతున్నంతసేపూ కింద నాకు ఏదీ వినబడదు. మిల్లు ఆగినప్పుడు పైన ఏం మాట్లాడుతున్నారో వినాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఆవిడ మంచం ఉన్న చోటు ఖాళీగా ఉంది. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను, గొంతు పెద్దది కదా, వీధంతా విన్నా సరే అనుకున్నాను. తను పక్కన కూర్చుని నా చేతిలోంచి ముల్లు తీసింది.

రాణి బతికుందో లేదో తెలియలేదు. ఎంత వెతికినా కనబడలేదంది. "శనగపిండి పెట్టి చూద్దాం," అంది. "గోధుమపిండి ఊరికే కడుపు నింపుతుంది, అందులో పిల్లలకి బలం లేదు. శనగపిండి కాస్త నయం. కానీ లోపల పిల్లలుంటేనే మోస్తాయి. రాణి లేక గుడ్లు లేవనుకో, ఎవరి కోసం మొయ్యాలి? ముట్టుకోవు."

పొడి డబ్బా బయట పారేశాను. ఇప్పుడు బొద్దింకలు కనబడితే చెప్పుతోనే మాట్లాడతాను. మిల్లంతా నీళ్ళు పోసి కడిగాను. నా వంటింట్లో శనగలు నేనే వేయించి, రాయి ఇంకోసారి తుడిచి, ఒక్క గింజ పరాయిది కలవకుండా పట్టాను. కొత్త పళ్ళెంలో పోసి వెనక కిటికీలో పెట్టాను. రాతి పిండి. ఇన్నేళ్ళలో ఈగల కోసం పట్టిన మొదటి రాతి పిండి అదే.

రొట్టెల కొట్టావిడ రాగానే మొత్తం జరిగింది చెప్పాను, పొడి సంగతితో సహా. వరసలో ఎవరూ నవ్వలేదు. ఏమనుకున్నారో నేనడగలేదు.

రెండు రోజులు పళ్ళెం దగ్గరికి ఒక్కటీ రాలేదు. మూడో రోజూ అంతే. సాయంత్రం పిండి పారబోసి పొద్దున్నే కొత్తది పొయ్యడం. మెట్ల మీద నుంచి తను తొంగి చూసేది, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. అయిదో రోజు తొంగి చూడటం కూడా మానేసింది. ఆ పెట్టె పోతే తను నన్ను ఒక్క మాట అనదని నాకు తెలుసు. అనకపోతే నేను ఎలా తట్టుకోవాలో తెలియలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం, రొట్టెల కొట్టు గోధుమలు తొట్టిలో ఉన్నాయి, మోటారు జోరు మీదుంది. కిటికీ వైపు చూస్తే ఒక ఈగ. పళ్ళెం మీద వాలబోతోంది, బెల్టు గాలికి పక్కకి కొట్టుకుపోతోంది. మళ్ళీ వస్తోంది, మళ్ళీ పోతోంది. ఒక్క గెంతులో వెళ్ళి మోటారు ఆపేశాను.

"ఏమైంది, కరెంటు పోయిందా?" అంది రొట్టెల కొట్టావిడ.

"ఉష్!" అన్నాను. నేనింకొకర్ని గొంతు తగ్గించమనడం చూసి ఆవిడ నోరెళ్ళబెట్టింది.

రాయి మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. ఈగ పళ్ళెంలో దిగింది. దొర్లింది. ఒళ్ళంతా పసుపు చేసుకుని లేచి, గాల్లో నిలబడి దువ్వుకుంది. ముందు కాళ్ళు మధ్య కాళ్ళకి, మధ్య కాళ్ళు వెనక కాళ్ళకి. రెండు పసుపు ఉండలు, కుడీ ఎడమా సమానం. ఒక్క రేణువూ తను తినకుండా, కిటికీలోంచి తిన్నగా పైకి వెళ్ళింది. దాని వెనకే ఇంకొకటి వాలింది. తర్వాత ఇంకో రెండు.

అరవాలనుకున్నాను. ఇంత గొంతూ ఎటు పోయిందో, ఒక్క ముక్క రాలేదు. మిల్లులో చడీచప్పుడూ లేదు. అప్పుడు పైన తలుపు తెరుచుకున్న శబ్దం వినబడింది.

"అక్కా!" అంది మా తోడికోడలు మెట్ల మీద నుంచి. "మిల్లు ఆగిందేం? తినడానికి లేచావా?"

కళ్ళు తుడుచుకున్నాను, చేతికున్న పిండి మొహమంతా అయింది.

"ఇంకా లేదే," అన్నాను. "నువ్వు కిందికి రా."